హిల్యా కప్పుల లెక్క

హిల్యా మౌను మనుషుల్ని లెక్కపెట్టేది కాదు. కప్పుల్ని లెక్కపెట్టేది. ఆడవాళ్ళు ఒకచోట కుదురుగా కూర్చోరని ఆమె ఫిర్యాదు. ఒకరు వంటింట్లోకి పోతారు, ఒకరు కిటికీ దగ్గరికి పోయి మంచు ఆగిందా అని చూస్తారు, ఇంకొకరు పక్క బల్ల దగ్గర చుట్టం కనిపిస్తే లేచిపోతారు. కాఫీ కప్పు మాత్రం పెట్టినచోటే ఉంటుంది. అందుకని ఏటా నవంబరు రెండో శనివారం మా చర్చి కింది హాలులో సరస్సు తల్లుల సంఘం కూడినప్పుడు, హిల్యా పెన్సిలు చెవి వెనక పెట్టుకుని బల్లల మధ్య నడుస్తూ కప్పుల్ని లెక్కవేసి, ఆ అంకెను పుస్తకంలో రాసేది. ముప్పై రెండేళ్లు అలాగే జరిగింది.

అమెరికాలో మిషిగన్ ఉత్తర కొసన, సముద్రమంత సరస్సులోకి పొడుచుకొచ్చిన నేలమీద ఉంది మా ఊరు. తాతలు ఫిన్లాండునుంచి రాగి గనుల కోసం వచ్చారు. గనులు మూతపడ్డాక ఓడలెక్కారు, వలలు పట్టారు. మాలో ఇంటికొకరైనా సరస్సుకు బలైనవారే. ఈ నీళ్ళు చల్లన. పోయినవాళ్ళు పైకి తేలరు. శ్మశానంలో మా మగవాళ్ళ పేర్లతో రాళ్ళున్నాయి గాని, రాళ్ళ కింద ఎవరూ లేరు.

హిల్యా ఏడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, 1926లో, ఆమె నాన్న ఎక్కిన ఇనుప ఖనిజం ఓడ తిరిగి రాలేదు. వాళ్ళమ్మ లూదియా ఆఫీసు గదులు తుడిచి ముగ్గురు పిల్లల్ని పెంచింది. ఊళ్ళోని మిగతా తల్లుల్ని, పెళ్ళాల్ని, అక్కచెల్లెళ్ళని కూడగట్టి ఈ సంఘం పెట్టిందీ ఆమే. పోయినవాళ్ళ పేర్లు ఎక్కడో ఒకచోట నిలవాలి, ఎవరూ చెరపలేనిచోట నిలవాలి అని ఆమె పట్టుదల. పదకొండేళ్లు వాషింగ్టన్‌కు ఉత్తరాలు రాసింది. ఇంగ్లీషు సరిగా రాదు కనుక ఆమె చెబుతుంటే హిల్యా రాసేది. చివరికి 1954లో చట్టసభ మా సంఘం పేరుమీద ఒక చట్టం చేసింది. దేశాధ్యక్షుడు సంతకం పెట్టిన గుర్తింపు పత్రం, సనదు, వచ్చింది. నీలం రిబ్బను కుట్టిన ఆ కాగితం ఇప్పటికీ హాలు గోడమీద, అద్దం వెనక ఉంది.

ఆ సనదు వల్ల మాకు ఒక్క డాలరూ రాదు. ఆ మాట చాలామంది నమ్మరు. దానివల్ల వచ్చేది ఒక్కటే. ఏటా సంఘం పంపే నివేదిక, దాని వెనక పోయినవాళ్ళ పేర్ల జాబితా, చట్టసభ పత్రాల్లో అచ్చవుతుంది. నూట నలభై ఆరు పేర్లు. లూదియా ఆ మొదటి అచ్చు ప్రతిని ఒళ్ళో పెట్టుకుని, భర్త పేరు మీద వేలు ఆనించి, "ఇదిగో, ఇదే ఆయన గోరీ" అన్నదని హిల్యా చెప్పేది.

సనదుకు షరతులున్నాయి. రాజకీయాల్లో తలదూర్చకూడదు, లాభం పంచుకోకూడదు, ఏటా నివేదిక పంపాలి, సొంత నియమావళిని తప్పకూడదు. ఆ నియమావళి రాసింది మా తల్లులే. సంఘం పెట్టిన రోజు హాలులో ఇరవై ఒక్కమంది ఉన్నారు. రేపు ఎవరో ఇద్దరు వంటింట్లో కూర్చుని ఈ పేరు వాడుకోకూడదని, ఏడాది సమావేశానికి ఇరవై ఒక్కమంది సభ్యులు స్వయంగా రావాలని రాశారు. సాయంత్రం నాలుగింటికి పుస్తకం మూసెయ్యాలి, చీకటి పడకముందే పోయినవాళ్ళ పేరుకొకటి చొప్పున చర్చి గంట కొట్టాలి కనుక. వరసగా రెండేళ్లు ఇరవై ఒకటి నిండకపోతే సంఘం ముగిసినట్టే. సనదు తిరిగి పంపెయ్యాలి.

హిల్యాకు పెళ్ళి కాలేదు. ముప్పై ఏళ్లు బడి వంటశాలలో పనిచేసింది. ఇంట్లో తిండికి కష్టమైన పిల్లలెవరో ఆమెకు తెలుసు. వాళ్ళు రాగానే "ఒరేయ్, ఈ గిన్నె అడుగు గీకిపెట్టి పో, నాకు చేతులు నొప్పిగా ఉన్నాయి" అనేది. వాడు గిన్నె గీకుతూ కడుపు నింపుకునేవాడు. మిగతా పిల్లలకు వాడు పనిచేస్తున్నట్టు కనిపించేది. అలాంటి మనిషి.

1986 సెప్టెంబరులో, ఒక శనివారం, మా ఇంట్లో ఆవిరి స్నానాలయ్యాక హిల్యా, వైలెట్ నియెమి కాఫీకి కూర్చున్నారు. వైలెట్ బడి బస్సు తోలుతుంది. వాళ్ళ నాన్న కూడా సరస్సులోనే పోయాడు. ఆ ఏడు ఆమె మా అధ్యక్షురాలు. నేను కాఫీ కుండ ఎత్తి, "పొయ్యనా" అన్నాను.

"పొయ్యి ఎల్మక్కా" అని వైలెట్ వెంటనే కప్పు చాచింది.

హిల్యా నవ్వింది. "చూశావా ఎల్మా, ఈ కాలం పిల్లలు. మొదటిసారికే చాచేస్తారు. చూసినవాళ్ళు కరువులోంచి వచ్చారనుకుంటారు."

మా దగ్గర పద్ధతి అది. కాఫీ ఇస్తామంటే మొదటిసారి వద్దనాలి. రెండోసారీ వద్దులే అనాలి. మూడోసారి అడిగాక, "సరే, ఒక్క చుక్క" అనాలి. ఇంటివాళ్ళు మూడోసారి అడగలేదంటే, ఆ గడప మళ్ళీ ఎవరూ తొక్కరు.

నేను హిల్యాను మూడుసార్లూ అడిగి పోశాను. ఆమె కప్పు ముట్టుకోలేదు. సంచీలోంచి ఒక ఫోటో తీసి బల్లమీద పెట్టింది. కిందటేడు సమావేశంలో మా ఆయన రెయినో తీసినది. రీలు పూర్తయ్యేదాకా ఆగి, కడిగించుకొచ్చేసరికి ఏడాది కావచ్చింది.

"ఇందులో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టు" అంది వైలెట్‌తో.

వైలెట్ వేలితో లెక్కపెట్టింది. "పద్దెనిమిది."

"నేను పుస్తకంలో ఇరవై ఒకటి రాశాను."

"మిగతా ముగ్గురూ వంటింట్లో ఉండుంటారు."

"లేరు. అందరూ దిగాల్సిందేనని రెయినో వంటింట్లోవాళ్ళని కూడా పిలిచాడు. నేను కప్పులు లెక్కపెట్టాను వైలెట్. ఫాన్నీ, హెల్మి, సైమా కప్పులు కూడా లెక్కలో వేసేశాను."

ఆ ముగ్గురూ కిందటేడు వేసవిలోనే కాలం చేశారు. ఏడాదిలో పోయిన సభ్యురాలికి, ఆ నవంబరులో ఆమె ఎప్పుడూ కూర్చునేచోట ఒక కప్పు పెట్టి కాఫీ పొయ్యడం మా ఆచారం. ఎవరూ తాగరు. చల్లారిపోతుంది. వంటింట్లో సాయం చేసే పిల్లలకు కూడా అది ముట్టుకోకూడదని తెలుసు. హిల్యా కళ్ళకు ఆ రోజు కప్పు కప్పులాగే కనిపించింది.

వైలెట్ ఫోటోను తిరగేసి పెట్టింది.

"హిల్యత్తా, ఆ ముగ్గురూ బతికున్నన్నాళ్ళూ ఒక్క సమావేశమూ మానలేదు. పోయాక కూడా వచ్చారనుకో. వాషింగ్టన్‌లో మన కప్పులు కడిగేవాడెవడూ లేడు."

"నేను సంతకం పెట్టాను."

"పొరపాటున పెట్టావు. అబద్ధం ఆడలేదు."

"ఫోటో వచ్చేదాకా పొరపాటు. ఇప్పుడు తెలిసి ఊరుకుంటే అబద్ధమే."

"అలా ఒప్పుకుంటే కిందటేడు తప్పిపోయినట్టు. ఈ ఏడు కూడా ఇరవై ఒకరు రాకపోతే అంతే. పేర్లు అచ్చవవు. మా నాన్న పేరు, మీ నాన్న పేరు. ఒక్క ఫోటో కోసమా? పొయ్యిలో వేస్తే సరిపోతుంది."

"వేస్తావా?" అని హిల్యా ఫోటోను ఆమె వైపు జరిపింది.

వైలెట్ ముట్టుకోలేదు. "నీతో పని పెట్టుకున్నవాడు బాగుపడడు" అని గొణిగి, పంచదార తీసుకుంది.

హిల్యా ఆ సోమవారమే ఉత్తరం రాసి పంపింది. హాజరైనది పద్దెనిమిది మంది, ఇరవై ఒకటి అని రాసింది నేను, తప్పు నాదే అని. అక్కడినుంచి జవాబు రాలేదు. జవాబు అక్కర్లేదు. ఏం చెయ్యాలో మా నియమావళిలోనే ఉంది.

ఇక హిల్యా నిద్రపోయినట్టు నాకు కనబడలేదు. జీవించి ఉన్న సభ్యులు ముప్పై ఒక్కమంది. ఎనిమిదిమంది మంచాన ఉన్నారు, లేదా ఇక్కడికి రాలేనంత దూరాన ఉన్నారు. మిగిలింది ఇరవై మూడు. ఒక్కొక్కరికీ ఫోను చేసింది. కారు లేనివాళ్ళకోసం వైలెట్ బడివాళ్ళను అడిగి బస్సు తీసుకుంది. ప్రతి రాత్రీ హిల్యా ఇరవై మూడు పేర్లూ ఒక్కొక్కటే చదివి ప్రార్థన చేసేదట. "నాకు పేర్లు చదవడం అలవాటే కదా" అంది నాతో. "కాకపోతే బతికున్నవాళ్ళ పేర్లు చదవడం ఇదే మొదలు."

ఇక్కడ సేన్యా రౌతియో గురించి చెప్పాలి. అప్పటికి తొమ్మిదేళ్ల కిందట, నవంబరులోనే, ఆమె కొడుకు డేల్ ఇద్దరు మనుషులు పట్టే చేపల పడవలో వెళ్ళి రాలేదు. పడవ చెక్కలు దొరికాయి. వాడు దొరకలేదు. ఆ మరుసటి ఏడు హిల్యా సభ్యత్వ పుస్తకం తీసుకుని ఆమె ఇంటికి వెళ్ళింది. పుస్తకంలో సంతకం పెట్టాలంటే పోయినవాడి పేరు, ఓడ పేరు, పోయిన తేదీ సొంత చేత్తో రాయాలి. రాసి, ఇద్దరు సభ్యులు ఒప్పుకున్న క్షణంనుంచే సభ్యురాలు. నేను కూడా మా తమ్ముడి కోసం ఒక సమావేశం మధ్యలోనే అలా చేరాను. సేన్యా వద్దంది. ఆ పై ఏడు హిల్యా మళ్ళీ వెళ్ళింది. సేన్యా పంచదార గిన్నె పట్టుకుని, "వాడి చలికోటు ఇంకా మేకుకే ఉంది హిల్యా" అందట. హిల్యా ఏడుస్తూ ఇంటికొచ్చింది. ఇక ఆమెను అడగొద్దని మాలో మేమే అనుకున్నాం. అప్పట్నుంచి ఎవరూ అడగలేదు. పోయినవాడి పేరు కుటుంబంవాళ్ళు రాసివ్వందే గంట కొట్టరు గనక, డేల్‌కు గంట కూడా కొట్టలేదు.

అయినా సేన్యా ఏటా సమావేశం రోజు ఉదయం ఎనిమిదింటికే చర్చి వంటింట్లోకి వచ్చేది. ఏలకులు దంచి, మా తీపి రొట్టె పిండి కలిపి, జడలల్లి కాల్చేది. హాలులోకి అడుగు పెట్టేది కాదు. కాఫీ కూడా వంటింట్లో నిలబడి, ఒక రేకు గ్లాసులో తాగేది. ఎంత మంచి మనిషో అనుకునేవాళ్ళం. ఆమెను నొప్పించకుండా ఉంటున్నందుకు మేమూ మంచివాళ్ళమే అనుకునేవాళ్ళం.

సమావేశం రోజు తెల్లవారకముందే సరస్సుమీంచి మంచు మొదలైంది. రెండింటికి హాలులో పదకొండుమంది ఉన్నాం, నాతో కలిపి. ఒకామెకు ఆ ఉదయమే జ్వరం వచ్చింది. రావాల్సినవాళ్ళు పదకొండుమంది. ఈసారి హిల్యా చెవి వెనక పెన్సిలు లేదు. ఒక్కొక్కరి దగ్గరికి వెళ్ళి, భుజం తాకి, పేరు పలికి రాసుకుంటోంది. చిన్నపిల్లల్ని లెక్కపెడుతున్నట్టు ఉందని ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు.

మూడు దాటింది. బస్సు రాలేదు. రెయినో మెట్లమీద మంచు నాలుగోసారి పారతో తోసి లోపలికొచ్చి, మీసాలకు పట్టిన మంచు దులుపుకున్నాడు.

"రోడ్డు కనబడుతోందా?" అని అడిగాను.

"రోడ్డు ఎక్కడుండేదో గుర్తుంది" అన్నాడు.

మూడూ ఇరవైకి బస్సు మోత వినబడింది. వైలెట్ ఏడుగురిని దింపింది. తడిసిన బూట్లు విప్పి, లోపల పాత పేపర్లు కూరి, పొయ్యి దగ్గర వరసగా పెట్టారు. వైలెట్‌తో కలిపి ఎనిమిది. పందొమ్మిది అయ్యాం. కాసేపటికి బయట పెద్ద దీపాలు వెలిగాయి. రోడ్డుమీద మంచు తోసే బండి తలుపు తెరిచి, డ్రైవరు ఎనభై ఎనిమిదేళ్ల తెక్లాను ఎత్తుకుని మెట్లు దించాడు.

"నన్ను గోనె సంచీలా మోస్తున్నాడు. సిగ్గు లేదు వీడికి" అంది తెక్లా, వాడి మెడ గట్టిగా పట్టుకునే.

"మళ్ళీ తీసుకెళ్ళేది కూడా నేనే మామ్మా, తిట్లు కొన్ని దాచుకో" అని ఆ కుర్రాడు బయటికెళ్ళి, బండి ఆపకుండా ఆమెకోసం కాచుకున్నాడు.

ఇరవై. విస్కాన్సిన్ వైపునుంచి ఇద్దరు అక్కచెల్లెళ్ళు రావాలి. ఒక్కరు చాలు. అందరం కిటికీవైపే చూస్తున్నాం.

మూడూ నలభైకి వంటింటి గోడకున్న ఫోను మోగింది. నేను ఎత్తాను. ఆ అక్కచెల్లెళ్ళే. కారు కాలవలోకి జారింది, దెబ్బలేం తగల్లేదు, ఒక రైతు ట్రాక్టరుతో లాగి వాళ్ళింటికి తీసుకెళ్ళాడు, ఇక రాలేరు. పెద్దామె ఏడుస్తోంది. "హిల్యాకు చెప్పమ్మా, మేం బయల్దేరాం అని చెప్పు" అంటోంది. క్షేమంగా ఉన్నందుకు దేవుడికి దండం పెట్టుకోమని చెప్పి పెట్టేశాను. వంటింటికీ హాలుకూ మధ్య పళ్ళేలు అందించే కిటికీ ఒకటి ఉంది. దాని దగ్గరికి హిల్యా వచ్చింది. నేను తల అడ్డంగా ఊపాను.

ఆమె బల్లదగ్గరికి వెళ్ళి పుస్తకం ముందు కూర్చుంది.

వైలెట్ ఆమె పక్కన వంగింది. గొంతు తగ్గించిందనే అనుకుంది గాని, బస్సు తోలేవాళ్ళ గొంతు అది. అందరికీ వినబడింది.

"ఇరవై ఒకటో మనిషి వంటింట్లోనే ఉంది హిల్యత్తా."

"ఆ మాట ఎత్తొద్దు."

"ఒక్క సంతకం. ఇన్నేళ్ళ పేర్లు—"

"నాలుగింటి లెక్కకోసం ఒక తల్లిచేత కొడుకు చచ్చిపోయాడని రాయించుకోను. సంఘం పోతే పోనీ. ఎవరూ ఆమెను అడగొద్దు. నేను చెబుతున్నాను."

వంటింట్లో సేన్యా రొట్టె కోస్తోంది. కత్తి ఆగింది. అన్నీ వినబడ్డాయని నాకు తెలుసు. ఆమె ముఖం చూసే ధైర్యం లేక నేను పళ్ళెంలో ముక్కలు సర్దుతున్నాను.

"ఎంత తక్కువ?" అంది.

"ఒకటి."

ఆమె చేతులు తుడుచుకుంది. కాఫీ కుండ తీసుకుని, ఒక కప్పు కిటికీ గట్టుమీద పెట్టి, "హిల్యా, ఇలా రా" అని పిలిచింది.

హిల్యా వచ్చింది. గడియారంలో మూడూ యాభై ఒకటి.

"కాఫీ తాగు" అంది సేన్యా.

"వద్దు సేన్యా."

"పొద్దుట్నుంచి ఏమీ తాగలేదు. తాగు."

"వద్దులే. నీకెందుకు శ్రమ."

"వేడిగా ఉంది. తాగు."

హిల్యా చెయ్యి తనంతట తానే కప్పు దగ్గరికి వెళ్ళింది. "సరే. ఒక్క చుక్క."

సేన్యా కాఫీ పొయ్యలేదు. కుండ ఎత్తి పట్టుకుని అలాగే నిలబడింది.

"మూడోసారి అడిగితే తీసుకున్నావు."

"ఆఁ."

"నన్ను మాత్రం రెండుసార్లే అడిగి వెళ్ళిపోయావు."

హిల్యా కప్పు దగ్గరనుంచి చెయ్యి వెనక్కి తీసుకుంది. అందరం అదే పద్ధతిలో పుట్టి పెరిగినవాళ్ళం. ఇన్నేళ్లలో ఒక్కరికీ తట్టలేదు.

"ఏడేళ్లు" అంది సేన్యా. ఆమె గొంతు పెరగలేదు. "ఏడేళ్లనుంచి ఇక్కడికొచ్చి పిండి పిసుకుతున్నాను. ఈ కిటికీలోంచి ఎవరో ఒకరు తల పెట్టి అడుగుతారని. మీరు పేర్లన్నీ చదువుతారు, గంట కొడతారు. నేను లోపల లెక్కపెడతాను, నూట నలభై ఆరుకు ఆపేస్తారు. నాకు తెలీదనుకున్నారా వాడు పోయాడని? ఆ నీళ్ళు నాకు తెలీవా?"

"నిన్ను నొప్పించకూడదని..." అంది హిల్యా.

"అవును. మీ అందరి దయ. నన్ను గుమ్మం బయటే నిలబెట్టింది."

మూడూ యాభై మూడు. హిల్యా గట్టును రెండు చేతులతో పట్టుకుంది.

"సేన్యా, ఇప్పుడు అడిగితే నువ్వేమనుకుంటావో..."

"లెక్కకోసం అడుగుతున్నావా?"

హిల్యాకు అబద్ధం అందుబాటులోనే ఉంది. ఎవరైనా ఆ చోట కాదనే అనేవారు. ఆమె కాసేపు కళ్ళు మూసుకుంది. ప్రార్థన చేసిందేమో.

"లెక్కకోసం కూడా" అంది. "లెక్క నిండి ఉంటే ఈ రోజు కూడా అడిగి ఉండేదాన్ని కాదు. అంత మూర్ఖురాలిని. డేల్ పేరు మా పుస్తకంలో రాస్తావా సేన్యా?"

సేన్యా ఆమె వంక చూసి, కప్పు నిండా కాఫీ పోసింది.

"అబద్ధం చెప్పి ఉంటే ఈ కుండ నీ నెత్తిన పోసేదాన్ని" అంది. "తాగు. పుస్తకం ఇలా తే."

"ఇక్కడ కాదు" అంది హిల్యా. "లోపలికి రా. కూర్చుని రాయి."

సేన్యా ఆ తలుపు దాటడం నేను ఇరవై ఏళ్ల తర్వాత కూడా చూడగలను. ఏప్రాను విప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆగి, విప్పకుండానే వచ్చింది. తెక్లా తన పక్క కుర్చీ లాగింది. వైలెట్ కలం అందించింది. సేన్యా పేరు రాసింది, పడవ పేరు రాసింది. తేదీ దగ్గర చెయ్యి ఆగింది.

మూడూ యాభై ఆరు. ఎవరూ గడియారం వంక చూడకూడదని అందరం బల్లవంక చూస్తున్నాం. వైలెట్ పెదవి కొరుకుతోంది. హిల్యా తొందర పెట్టలేదు. సేన్యా వీపుమీద చెయ్యి వేసి నిలబడింది, అంతే.

"మంగళవారం" అంది సేన్యా కాసేపటికి. "బయల్దేరింది మంగళవారం. బుధవారమని చెక్కలు దొరికినవాళ్ళు అన్నారు. ఏది రాయను?"

"ఏది నీ మనసుకు నిజమో అది" అంది తెక్లా. "మా ఆయనకు నేను కూడా అలాగే రాశాను."

సేన్యా మంగళవారం తేదీ రాసి, కింద సంతకం పెట్టింది. "ఒప్పుకుంటున్నాను" అంది తెక్లా. "ఒప్పుకుంటున్నాను" అన్నాను నేను. హిల్యా ఆమె భుజం తాకింది.

"సేన్యా రౌతియో. ఇరవై ఒకటి."

మూడూ యాభై ఎనిమిది. హిల్యా పుస్తకం మూసి, దానిమీద తల ఆనించి చాలాసేపు లేవలేదు. సేన్యా లేచి వెళ్ళి రొట్టె పళ్ళెం తెచ్చింది. ఈసారి కాఫీ పింగాణీ కప్పులో పోసుకుంది. వైలెట్ కప్పు చాచి, నావైపు చూసి, మళ్ళీ వెనక్కి తీసుకుని, "వద్దులే" అంది. ఏడుపులో నవ్వు కలిసి వచ్చింది అందరికీ.

చీకటి పడుతుండగా గంట మొదలైంది. హిల్యా పేర్లు చదువుతోంటే రెయినో తాడు లాగుతున్నాడు. ముప్పై రెండేళ్లుగా గంట కొడుతున్న మనిషి. కొత్త పేరేదైనా ఉంటే గంటకు ముందే అతనికి చెప్పేవాళ్ళం. ఈసారి చెప్పే తీరిక ఎవరికి దొరికింది? నూట నలభై ఆరో పేరు అయ్యాక అలవాటు ప్రకారం తాడు మేకుకు చుట్టబోయాడు. "ఆగు" అని హిల్యా పైకి కేకేసింది. "ఇంకొకటి. డేల్ రౌతియో."

అతను తాడు విప్పి మళ్ళీ పట్టుకునేదాకా కొంచెంసేపు పట్టింది. అంతసేపూ సేన్యా చెయ్యి నా చేతిలో ఉంది. తర్వాత గంట మోగింది.

మే నెలలో వాషింగ్టన్‌నుంచి అచ్చు ప్రతులు వచ్చాయి. హిల్యా తప్పు ఒప్పుకున్న ఉత్తరాన్ని కూడా వాళ్ళు చివర్లో అచ్చువేశారు. వైలెట్ దాన్ని హాలులో గట్టిగా చదివి, "దేశం మొత్తానికి తెలిసిపోయింది, మనకు లెక్కలు రావని" అంది. సేన్యా ప్రతిని నేనే ఆమె ఇంటికి తీసుకెళ్ళాను. ఆ పేజీ దగ్గర వేలు పెట్టి, కళ్ళజోడు లేకపోయినా చాలాసేపు చూసింది. కాఫీ ఇచ్చింది. నేను రెండుసార్లు వద్దని, మూడోసారి తీసుకున్నాను.

వెళ్ళేటప్పుడు చూశాను. డేల్ చలికోటు ఇంకా తలుపు వెనక మేకుకే ఉంది. దాని జేబులోంచి నేను తెచ్చిన ఆ అచ్చు కాగితం అంచు కొంచెం బయటికి కనబడుతోంది.